ఒక్కో బ్లాకుకీ ఒక గుర్తు

ఆగస్టు 4, సోమవారం

ఆఫీసుకు వెళ్ళాను. అందరూ చాలా మంచిగా ఉన్నారు. ఆ మంచితనమే భరించలేకపోయాను. కాఫీ మెషీన్ దగ్గర కుర్రాళ్ళు నన్ను చూసి నవ్వడం ఆపేశారు. "నవ్వండర్రా, నేనేమీ అనను" అందామనుకుని ఊరుకున్నాను.

సిద్ధార్థ గదిలోకి పిలిచాడు. మా టీమ్ లీడ్. మా ఆయన జాన్‌తో కలిసి ఇంజనీరింగ్ చదివినవాడు. "ఏదైనా తేలిక పని తీసుకో శాలినీ. కొన్నాళ్ళు టెస్టింగ్‌లో ఉండు" అన్నాడు. నాకు జాన్ ప్యాచ్, అదే లినక్స్‌కి తను పంపిన మార్పు, కావాలన్నాను.

"అది వద్దు."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు."

"ఆ కోడ్ నాకంటే బాగా ఎవరికి తెలుసు ఈ ఆఫీసులో?" అన్నాను. నిజానికి నాకు ఆ కోడ్ తెలియదు. మూడు వెర్షన్లు పంపాడు జాన్, ఒక్కటీ నాకు చూపించలేదు. నేను చూస్తే అది గడప దాటదని తన భయం. "నీ రివ్యూ పూర్తయ్యేసరికి నాకు రిటైర్మెంట్ వచ్చేస్తుందే" అనేవాడు. వంద మందిని అడిగినా చెబుతారు, నేను ఎవరి కోడైనా రివ్యూ చేస్తే పుండు మీద కారం చల్లినట్టే ఉంటుందని. ఆ పేరు నాకు ఇష్టం కూడాను.

చివరికి సిద్ధార్థ ఒప్పుకున్నాడు. సాయంత్రం కెర్నల్ లిస్టు తెరిచాను. ప్రపంచంలో ఎక్కడెక్కడో కూర్చుని లినక్స్ రాసేవాళ్ళంతా ఒకరి కోడ్ ఒకరు పట్టి పట్టి చూసే చోటు అది. జాన్ చివరి మెయిల్ కింద మూడు జవాబులున్నాయి, మూడూ ఏ కోడ్ చేర్చుకోవాలో తేల్చే మెయింటెయినర్ రాసినవే. మార్చిలో ఒక ప్రశ్న. ఏప్రిల్లో "జాన్, గుర్తు చేస్తున్నాను, చూడగలరా?" అని. మేలో "ఈ పని ఆగిపోయిందా?" అని. ఏప్రిల్ మెయిల్ వచ్చేటప్పటికి జాన్‌ని మట్టి చేసి వారమైంది. ఆటోలో వస్తూ వస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర గుండె ఆగిపోయింది. వాళ్ళకేం తెలుస్తుంది, పాపం.

ఆగిపోలేదు, నేను ముందుకు తీసుకెళతాను, జాన్ చనిపోయాడు అని జవాబు రాశాను. మూడో ముక్క ఇంగ్లీషులో రాయడం తేలికైంది. తెలుగులో ఇంకా ఎవరితోనూ అనలేదు.

ఆగస్టు 6, బుధవారం

మార్చి నాటి ప్రశ్న చదివాను. పెద్ద విషయమేం కాదు. తర్వాత చూస్తాను.

ఆగస్టు 10, ఆదివారం

మావయ్య, అత్తయ్య గుణదల చర్చిలో పూజ చూసుకుని ఇంటికొచ్చారు. అత్తయ్య రాగానే వంటింట్లోకి దూరి, ఫ్రిజ్ తెరిచి, "ఇదేం ఇల్లమ్మా, పెరుగు తప్ప ఏం లేదు" అంది. హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సెక్కినప్పటి నుంచి ఒళ్ళో పెట్టుకొచ్చిన చేపల పులుసు గిన్నె స్టవ్ మీద పెట్టింది. నేను తినేదాకా ఎదురుగా నిలబడింది.

మావయ్య మాట ఒకటి మనసులో పెట్టుకొచ్చారని తెలుస్తూనే ఉంది. మావయ్య శౌరయ్యగారంటే వాళ్ళ ఊరి చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళు ఉపదేశిగా చేశారు. ఫాదర్ గారు రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపిందీ, పిల్లలకు జపాలూ అక్షరాలూ నేర్పిందీ ఆయనే. భోజనమయ్యాక గొంతు సవరించుకున్నారు.

"నవంబర్లో సమాధుల పండక్కి రాయి నిలబెట్టాలమ్మా. పేరు, పుట్టింది, పోయింది అందరికీ ఉంటాయి. మావాడికి ఇంకో వరుస పెట్టిద్దామని ఉంది. వాడు చేసే పనేంటో నాకెప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు. అడిగితే కంప్యూటర్ లోపలి పని నాన్నా అనేవాడు. నువ్వన్నా చెప్పు."

చెప్పాను. ప్రతి ఫోనులో, కంప్యూటర్లో అన్నిటికీ అడుగున కెర్నల్ అనే ప్రోగ్రాం ఒకటి నడుస్తుంటుందని. మనం ఏది రాసినా అది తిన్నగా డిస్కుకు పోదు, ముందు మెమరీలో ఒక పెద్ద పేజీలో ఉంటుంది, వీలు చూసుకుని కెర్నల్ దాన్ని డిస్కు మీదికి దింపుతుందని. ఆ పేజీ లోపల చిన్న చిన్న బ్లాకులుంటాయని. ఇక్కడికొచ్చేసరికి ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఎకరం పొలంలో పదహారు మళ్ళున్నాయనుకోండి మావయ్యా. ఇన్నాళ్ళూ ఎకరానికంతటికీ కలిపి ఒకటే గుర్తు. ఒక్క మడి ఎండినా ఎకరమంతా తడిపేవాళ్ళం. మీ అబ్బాయి ఏ మడికా మడికి గుర్తు పెట్టాడు. ఎండినదానికే నీళ్ళు. ఏ బ్లాకు మారిందో అదొక్కటే డిస్కుకు వెళుతుంది."

నిటారుగా కూర్చున్నారు. "అంతేనా? ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదా?"

"తట్టినా చెయ్యడం కష్టం."

"పుస్తకం రాస్తే అట్ట మీద పేరుంటది. మరి దీనికో?"

"ఉంటుంది. ఏ లైను ఎవరు రాశారో ఎప్పటికీ ఉంటుంది."

"నా ఫోన్లోకీ వస్తదా?"

"కొన్నాళ్ళకి వస్తుంది."

వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య అంది, "పిల్లలన్నా లేకపోయిరి. ఇదన్నా ఉంటది."

నేను తల దించుకుని కంచం తీశాను. మావయ్య బైబిలు చదివే గొంతుతో మెల్లగా చెప్పారు: "ఇతడు వ్రాసినది లోకమంతట పనిచేయుచున్నది." బాగుందా అని అడిగారు. బాగుంది మావయ్యా అన్నాను. ఇంకా కెర్నల్లో చేరలేదు, ఒక నెలలో చేరుతుంది అని కూడా చెప్పాను. "రాయి చెక్కేది కూడా అప్పుడేగా" అన్నారు.

ఎంత సంతోషంగా వెళ్ళారో. బస్టాండులో ఆయన నడక చూసి నాకూ కొంచెం ఊపిరాడింది.

ఆగస్టు 19, మంగళవారం

నాలుగో వెర్షన్ పంపాను. జాన్ లైన్లు ముట్టుకోలేదు. కొత్త కెర్నల్‌తో కలిసేలా అటూ ఇటూ సర్దానంతే.

ప్రతి ప్యాచ్ అడుగున రాసినవాళ్ళు తమ పేరుతో ఒక వరుస పెట్టాలి. ఇది నేను రాశాను, ఇవ్వడానికి నాకు హక్కుంది అని దానర్థం. ఒకరి వరుస ఇంకొకరు పెట్టకూడదు. జాన్ మూడో వెర్షన్‌లో పెట్టింది అలాగే ఉంచి దాని కింద నాది పెట్టాను. చర్చి పెళ్ళి రిజిస్టర్లో కూడా ఇలాగే తన కింద నేను సంతకం చేశాను. అప్పుడు పెన్ను రాయకపోతే తన చొక్కా జేబులోది ఇచ్చాడు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. సెలవు. వీధి చివర పందిట్లో మైకు పొద్దున్నే మొదలైంది. మెయిల్ తెరిచాను, తెరవకుండా ఉండాల్సింది.

మెయింటెయినర్ మార్చిలో అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగారు, ఈసారి విడమరిచి. ఒక బ్లాకును డిస్కుకు దింపడం మొదలైంది. ఇంకా పూర్తికాలేదు. ఈలోగా ఎవరో అదే బ్లాకులో ఇంకో మార్పు చేశారు. దింపడం పూర్తవగానే జాన్ కోడ్ ఆ బ్లాకు గుర్తు చెరిపేస్తుంది. మరి ఆ రెండో మార్పు ఏమైపోయినట్టు? గుర్తు లేదు కాబట్టి దాన్నిక ఎవరూ డిస్కుకు తీసుకెళ్ళరు. వినియోగదారుడు రాశాననుకుంటాడు. అది ఎక్కడా ఉండదు.

గుర్తు ముందే చెరిపి, "దారిలో ఉంది" అని ఇంకో గుర్తు విడిగా పెట్టుకుని, అప్పుడు దింపడం మొదలుపెట్టాలట. మధ్యలో కొత్త మార్పు వస్తే మొదటి గుర్తు మళ్ళీ పడుతుంది, ఏదీ పోదు. జాన్ అలా ఎందుకు చేయలేదో నాకు తెలుసు. దింపేటప్పుడు డిస్కు మొరాయిస్తే? ముందే చెరిపేస్తే ఆ మార్పు సంగతి మర్చిపోతామేమోనని. చేరిందని రూఢి అయ్యాకే చెరపాలని తన పట్టుదల. తన మాటలోనూ న్యాయముంది.

ఆగస్టు 28, గురువారం

వాళ్ళు కోడ్ సరిగ్గా చదవలేదు. పేజీకి తాళం ఉంటుంది కదా. ఆ రెండో మార్పు వచ్చే వీలే లేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

వీలు లేదని నిరూపించడానికి టెస్టు రాశాను. పొద్దున్నుంచి నడుపుతున్నాను. చాలాసార్లు బాగానే ఉంది. ఎప్పుడో ఒకసారి ఒక బ్లాకులో పాత అక్షరాలు కనిపిస్తున్నాయి.

డిస్కు పాతది. అదీ సంగతి.

సెప్టెంబరు 10, బుధవారం

కొత్త డిస్కు తెప్పించాను. అందులోనూ అంతే. కొత్త డిస్కులు కూడా ఈ మధ్య నాసిరకంవి వస్తున్నాయి.

సెప్టెంబరు 11, గురువారం

డిస్కు కాదు.

సెప్టెంబరు 16, మంగళవారం

దారి దొరికింది. డిస్కుకు దింపుతున్నంతసేపూ ఆ బ్లాకు జోలికి ఎవరూ రాకుండా ఆపేస్తాను. రాయాలనుకున్నవాళ్ళు ఆగుతారు. ఆగితే ఏమవుతుంది? జాన్ లైన్లు ఒక్కటి కూడా పోలేదు. నావి చుట్టూ చేర్చానంతే. అయిదో వెర్షన్ పంపేశాను. చాలా రోజుల తర్వాత అన్నం వండుకుని తిన్నాను.

అత్తయ్య ఫోన్ చేసింది. పక్కింటావిడ మనవరాలు, ఇంజనీరింగ్ చదువుతోందట, జాన్ అంకుల్ రాసింది కంప్యూటర్లో ఎక్కడుంటుందో చూపించమని అడిగిందట. "ఇంకా ఎక్కలేదమ్మా, మా కోడలు ఎక్కిస్తంది అని చెప్పా" అంది.

సెప్టెంబరు 24, బుధవారం

జవాబు వచ్చింది. కొలిచి చూశారట. అందరూ ఆగి ఆగి నడవడం వల్ల, ఒకే గుర్తున్న పాత పద్ధతి కన్నా ఇదే నెమ్మదిగా ఉందట. ఇంత కష్టపడి బ్లాకుకో గుర్తు పెట్టి లాభమేంటి? ఆ మాట అలా అనలేదు. చాలా మర్యాదగా అన్నారు. జాన్ పోయాడని తెలిసిన దగ్గర్నుంచి ఆ మెయింటెయినర్ నాతో మర్యాదగానే ఉంటున్నారు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి తిట్టి హాయిగా ఉండేదాన్ని.

ఆఖరున ఇలా రాశారు: రూపకల్పనే తిప్పి రాయాలి. అప్పుడది వేరే ప్యాచ్ అవుతుంది కాబట్టి మీ పేరుతో పంపండి. జాన్ ఆలోచనతో మొదలైందని అడుగున ఒక వరుస తప్పకుండా పెట్టండి.

ఇదే ప్యాచ్ ఎవరో కొత్త కుర్రాడు నా దగ్గరికి తెచ్చి ఉంటే మొదటి రోజే ఈ మాట చెప్పేదాన్ని. ఇంతకన్నా కటువుగా చెప్పేదాన్ని. మార్చిలోనే నాకు చూపించి ఉంటే జాన్‌కీ చెప్పేదాన్ని. రెండు రోజులు మాట్లాడుకునేవాళ్ళం కాదు, మూడో రోజు తనే మార్చేవాడు. ఎందుకు చూపించలేదురా.

అక్టోబరు 3, శుక్రవారం

దసరా రద్దీ ఇంకా తగ్గలేదు. వన్ టౌన్ వైపు వెళ్ళాల్సిన ఆటోలన్నీ మా వీధిలోంచి తిప్పారు. పొద్దుటి నుంచి హారన్లు.

మావయ్య వాట్సాప్‌లో ఫొటో పంపారు. నల్లరాయి. పండగ దగ్గరపడితే చెక్కేవాడికి తీరికుండదని ముందే చేయించేశారట. పేరు, తేదీలు, వాటి కింద ఆ వరుస. అక్షరాల్లో తెల్ల రంగు నింపారు. కింద మావయ్య రాశారు: "చేరినదా అమ్మా?"

"చేరుతోంది మావయ్యా" అని పంపాను.

అక్టోబరు 14, మంగళవారం

తిప్పి రాస్తున్నాను. జాన్ ఉంటే ఇలాగే రాసేవాడు. ఇది తను రాసినట్టే. పేర్లు కూడా తను పెట్టే పద్ధతిలోనే పెడుతున్నాను, నాకు నచ్చకపోయినా.

అక్టోబరు 17, శుక్రవారం

టెస్టు రోజంతా నడిచింది. ఒక్క బ్లాకు కూడా పోలేదు. వేగం కూడా బాగుంది. జాన్ ప్యాచ్ సిద్ధమైంది.

అక్టోబరు 22, బుధవారం

పంపేముందు సిద్ధార్థ చూస్తానన్నాడు. చూసి తలుపేశాడు.

"పైన రచయిత జాన్ పాల్ అని ఉంది. అడుగున వాడి వరుస ఉంది. ఇందులో వాడు రాసిన లైను ఏది శాలినీ?"

"అంతా తన ఆలోచనే."

"అది కాదు నేనడిగింది."

"తను ఉంటే ఇలాగే రాసేవాడు."

"ఉంటే వాడే పంపేవాడు." మాట మెత్తగానే ఉంది. "రేపు ఇందులో ఏదో తప్పు దొరుకుద్ది. ఎప్పుడూ దొరుకుద్ది. అప్పుడు లిస్టులో ఎవడో జాన్ పాల్ ప్యాచ్ వల్ల డేటా పోయిందని రాస్తాడు. వాడు చెయ్యని తప్పుకి వాడెలా జవాబు చెప్తాడు?"

"చెప్పడానికి నేను లేనా?"

"ఉన్నావు. అందుకే నీ పేరు పెట్టు."

నేను కేకలేశాను. నీకేం, నీ పేరు నువ్వు పెట్టుకోవడానికి బతికే ఉన్నావు అన్నాను. అది అనకూడని మాట. అతను నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. జాన్ శవపేటిక ముందువైపు మోసిన నలుగురిలో ఇతనొకడు.

బయటికొచ్చాక జాన్ లైను ఒక్కటైనా మిగిలిందేమోనని పోల్చి చూశాను. ఒకటి మిగిలింది. అది కోడ్ కూడా కాదు, కోడ్ పక్కన చదివేవాళ్ళ కోసం రాసే కామెంటు. "డిస్కు చేరేదాకా ఏదీ భద్రం కాదు, అందాకా గుర్తు చెరపవద్దు" అని ఇంగ్లీషులో. దాని కిందే నేను రాసిన లైను, చేరకముందే గుర్తు చెరిపేస్తోంది.

అక్టోబరు 24, శుక్రవారం

కామెంటు ఉంటే నష్టమేంటి? కామెంటును మెషీన్ చదవదు.

అక్టోబరు 28, మంగళవారం

తుపాను. పొద్దుటి నుంచి వర్షం, మధ్యాహ్నం కరెంటు పోయింది. మావయ్యకు ఫోన్ చేస్తే, ఊళ్ళో చెట్లు పడుతున్నాయి, మేం చర్చిలో ఉన్నాం, నువ్వు కిటికీలు వేసుకో అన్నారు. తర్వాత సిగ్నల్ పోయింది.

చేసే పని లేదు. జాన్ ఉంటే ఈపాటికి పిచ్చెక్కిపోయేవాడు. అత్తయ్యా మావయ్యా ఇక్కడి నుంచి బస్సెక్కి వెళితే, ఇల్లు చేరామని ఫోన్ వచ్చేదాకా తను కాళ్ళకున్న చెప్పులు విప్పేవాడు కాదు. సోఫాలో చెప్పులతోనే కూర్చునేవాడు. నేల పాడవుతుందని నేను అరిచేదాన్ని. "చేరనీవే, అప్పుడు విప్పుతా" అనేవాడు. నేను రాజమండ్రి వెళ్ళినా అంతే.

ఆ మనిషే ఆ కామెంటు రాశాడు. అందుకే తీయలేకపోతున్నాను. కోడ్ అంతా తీసేసినప్పుడు ఇంత నొప్పి లేదు. ఇదొక్కటీ తీస్తే లోపల జాన్ లేడు.

అక్టోబరు 29, బుధవారం

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. మావయ్యావాళ్ళు క్షేమం. పెంకులు లేచిపోయాయట, వరి పడిపోయిందట.

తప్పు కామెంటు కన్నా కామెంటు లేకపోవడం నయమని ఎన్నేళ్ళుగా ఊదరగొడుతున్నాను ఆఫీసులో. ఎవరో ఒక అమ్మాయి, పక్కింటావిడ మనవరాలిలాంటిది, రేపు ఆ ఫైలు తెరిచి కామెంటు చదివి నమ్ముతుంది. నమ్మి కోడ్‌ను దానికి తగ్గట్టు సరిచేస్తుంది. అప్పుడు మళ్ళీ బ్లాకులు పోతాయి.

తీసేశాను.

అక్టోబరు 30, గురువారం

నా పేరుతో పంపాను. జాన్ ఆలోచనతో మొదలైందని అడుగున పెట్టాను. జాన్ సంతకం వరుస లేదు.

అక్టోబరు 31, శుక్రవారం

మెయింటెయినర్ తీసుకున్నారు. కృతజ్ఞతలు, బాగుంది, అని ఒక్క వాక్యం. పెళ్ళయ్యాక నా మొదటి ప్యాచ్ చేరినప్పుడు జాన్ ఆఫీసంతటికీ పూతరేకులు పంచాడు. ఇవాళ ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 1, శనివారం

ఊరొచ్చాను. దారి పొడుగునా పడుకున్న వరి, దాని మీద నీళ్ళు. ఎవరి మొహంలోనూ కళ లేదు.

మావయ్య సమాధుల దొడ్లో ఉన్నారంటే అక్కడికే వెళ్ళాను. తుపానుకి కొట్టుకొచ్చిన కొమ్మలు తీసి, అరుగుకు సున్నం వేస్తున్నారు. నన్ను చూడగానే రాయి చూపించారు. "ఫొటోలో కన్నా బాగుంది కదమ్మా?" రాయి నిజంగానే బాగుంది. దారంతా ఎలా చెప్పాలో అనుకుంటూ వచ్చినవన్నీ మర్చిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. కెర్నల్లోకి ఎక్కినదాంట్లో జాన్ రాసింది ఏమీ లేదు మావయ్యా. తను రాసినదాంట్లో తప్పుంది. నేను తిప్పి రాశాను. ఆగస్టులో మీకు చెప్పినప్పుడు నాకు తెలియదు, ఫొటో పంపినప్పుడు మాత్రం తెలుసు.

ఆయన సున్నం కుంచె డబ్బాలో పెట్టారు. "వాడి తప్పు వల్ల ఎవరికన్నా నష్టం జరిగిందా?"

"లేదు. బయటికి వెళ్ళకముందే పట్టుకున్నాం."

"వాడి పేరు ఎక్కడన్నా ఉందా?"

"అడుగున ఉంది. ఆలోచన మొదలుపెట్టింది జాన్ అని."

"ఆలోచన వేరు, రాత వేరమ్మా. వ్రాసినది అని చెక్కించాను నేను."

"ఉండనివ్వండి మావయ్యా. ఎవరొచ్చి అడుగుతారు?"

"ఈ దొడ్లోకొచ్చి చదవగలిగే పిల్లలందరికీ అక్షరాలు నేర్పింది నేనే. అబద్ధం ఆడొద్దని కూడా నేనే చెప్పా." అంత్యక్రియల రోజు పాటలు పాడించిన మనిషి, అరుగు మీద కూర్చుని భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

కాసేపటికి లేచి, ఇంటి నుంచి లప్పం డబ్బా తెచ్చారు. ఇద్దరం ఆ వరుస పూడ్చాం. నేను అక్షరాల్లోకి లప్పం నొక్కాను, ఆయన రేకు ముక్కతో చదును చేసి పైన నల్ల రంగు పూశారు. "మీ అత్తయ్యకి ఇప్పుడే చెప్పొద్దు. దానికెట్టాగూ చదవడం రాదు" అన్నారు.

నవంబరు 2, ఆదివారం

సమాధుల పండుగ. సాయంత్రం దొడ్డి అంతా బంతిపూలు, కొవ్వొత్తులు. తుపానుకి పంటలు పోయినవాళ్ళు కూడా పూలు తెచ్చారు. ఫాదర్ గారు మొదటి వరుస దగ్గర నుంచి ఒక్కో సమాధి మీద నీళ్ళు చల్లుకుంటూ వస్తున్నారు.

అత్తయ్య దండ వేసింది. వేసి, రాయి మీద చెయ్యి పెట్టింది. రాయి వచ్చిన నాటి నుంచి రోజూ వచ్చి తడిమేదట. మావయ్య చదివి వినిపిస్తే ఏ వరుస ఏదో వేళ్ళతో నేర్చుకుందట. ఈ తడమడం సంగతి చదివి వినిపించిన మావయ్యకీ తెలియదు. పేరు మీద వేలు నడిచింది, తేదీల మీద నడిచింది, కిందికి దిగి ఆగిపోయింది. మళ్ళీ పైకెళ్ళి మళ్ళీ దిగింది.

"ఏవయ్యా, ఇక్కడ నున్నగా ఉందేంటి? వాడి వరుస ఏది?"

మావయ్య కొవ్వొత్తి వెలిగిస్తున్నట్టు ఒంగే ఉండిపోయారు. అది ఎప్పుడో వెలిగింది.

"పూడ్చేశాం అత్తయ్యా" అన్నాను. "జాన్ రాసింది అందులోకి ఎక్కలేదు. అందులో తప్పుంది. తీసేయాల్సి వచ్చింది."

"అంతా తీసేశారా?"

"అంతా."

"ఏం మిగల్చలేదా?"

"ఒక ముక్క మిగిలింది. అదీ తీయాల్సి వచ్చింది."

"ఎవరు తీసింది? ఆ దేశాల వాళ్ళా?"

అవునంటే సరిపోయేది. వాళ్ళనెలాగూ ఆవిడ ఎప్పటికీ చూడదు. "కాదు అత్తయ్యా. నేనే తీశాను."

నా మొహంలోకి చూసింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. చెయ్యి రాయి మీది నుంచి తీసి నా చేతి మీద పెట్టింది.

"నువ్వే తీశావా. అయితే పోనీలే తల్లీ. ఎవరో పరాయివాళ్ళు వాడిదంతా పీకి అవతల పారేశారేమోనని గుండె గుభేలుమంది. ఆ రోజు వాడికి స్నానం కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా నీ చేత్తోనే చేశావు. ఇదీ అంతేగా."

ఫాదర్ గారు మా వరుసలోకి వచ్చారు. నీళ్ళు రాయి మీదా, మా ముగ్గురి మీదా పడ్డాయి. జాన్ చనిపోయాడత్తయ్యా, అన్నాను. తెలుగులో, నా నోటితో, మొదటిసారి. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుంది, చీకటి పడేదాకా ఇద్దరం ఏడ్చాం.